గీరిందంతే

మా తమ్ముడు నా దగ్గర ఏదైనా దాచదలుచుకుంటే వానల గురించి మాట్లాడతాడు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, వానలతో వాడికి ఇప్పుడు పనేమీ లేదు. అయినా ఆ ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి, గూడెంలో మబ్బు పట్టిందనీ, ఏలూరులో కూడా పట్టిందా అనీ, ఇది కురిసే మబ్బు కాదనీ సాగదీస్తుంటే నాకు అనుమానం వచ్చింది. "ఏరా చంటీ, ఏం జరిగింది?" అన్నాను. అరవై దాటి, ముందు జుట్టంతా ఊడిపోయినా వాడు నాకు చంటే. ప్రసాదరావు అన్న పేరు ఆఫీసు వాళ్ళ కోసం పెట్టింది. "ఏం లేదక్కా, ఏముంటుంది" అన్నాడు. అంతలో ఫోన్ మా మరదలు విమల చేతిలోకి మారింది. "వదినగారూ, ఈయన చెప్పరు గానీ నేను చెప్తానండీ. మా వీధి చివర కుక్క పిల్లల్ని పెట్టిందండీ. అందులో ఒకదాన్ని ఇంట్లోకి తెచ్చి పాలు పోస్తున్నారు. అది మొన్న ఈయన చెయ్యి గీరేసిందండీ. ఆసుపత్రికి వెళ్ళండంటే వినట్లేదు." వెనక నుంచి వాడి కేక వినపడింది. "గీరిందంతే అక్కా! కరవలేదు!"

ఏళ్ళ తరబడి బడిపిల్లలకి తెలుగు చెప్పినదాన్ని, మాటల మీద నాకు పట్టింపు ఎక్కువ. గీరడం వేరు, రక్కడం వేరు, గీకడం వేరని పిల్లల ప్రాణాలు తీసేదాన్ని. కానీ ఆ సాయంత్రం నన్ను పట్టి కుదిపింది 'గీరింది' అన్న మాట కాదు. దాని వెనకాలే వచ్చిన 'అంతే'. ఆ రెండు మాటలూ కలిపి నేను మొదటిసారి విన్నది కొల్లేటి లంకలో, మా నాన్న నోట, నా గురించే. "పొద్దున్నే మొదటి రైలుకి వస్తున్నాను, ఎక్కడికీ కదలకు. ముందు లేచి సబ్బుతో చెయ్యి కడుక్కో. కుళాయి తిప్పేసి బాగా సేపు కడుగు. పసుపూ సున్నమూ ఏమీ పుయ్యకు" అని గట్టిగా చెప్పి ఫోన్ పెట్టేశాను. నా గొంతు అంత లేస్తుందని నాకే తెలియదు.

ఏలూరు నుంచి గూడెం వెళ్ళేటప్పుడు నేను రైల్లో ఎప్పుడూ కుడివైపు కిటికీ దగ్గరే కూర్చుంటాను. అటు కొల్లేరు ఉంటుంది. రైలు పట్టాల మీంచి అది కనపడదు, దెందులూరు దాటినా భీమడోలు దాటినా కనపడేవి వరిచేలూ, చేపల చెరువులూ, వాటి గట్ల మీద కొబ్బరిచెట్లూ. అయినా అటే చూస్తాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళు "ఎండ పడుతోంది కదండీ, ఇటు రండి" అంటే "పర్వాలేదండీ" అంటాను. ఆ రోజు కూడా అలాగే చూస్తూ కూర్చున్నాను గానీ, కిటికీ అవతల ఉన్నదేదీ కంటికి ఆనలేదు.

మా నాన్న లంకలో బడిపంతులు. మిషను బళ్ళో చదువుకుని, మిషను వాళ్ళే ఆ లంకలో పెట్టిన చిన్న బడికి పంతులుగా వచ్చారు. వారమంతా ఎక్కాలు చెప్పిన పాకలోనే ఆదివారం ప్రార్థన కూడా ఆయనే నడిపేవారు. మా ఇల్లు ఆ పాకకి ఆనుకుని ఉండేది. మట్టిగోడలు, పైన కిక్కిస గడ్డి కప్పు. వానాకాలం వస్తే వాకిట్లోకి నీళ్ళు, వాకిట్లో ఉన్న బాతులు ఇంట్లోకి. ఇంట్లో ఎక్కడ ముక్కు పెట్టినా మూడు వాసనలు కలిసి తగిలేవి, ఎండుచేపలదీ, తడిసిన గడ్డిదీ, మా మామ్మ చుట్టదీ. మామ్మ అంటే మా నాన్నకి అమ్మ. ఆదివారం ప్రార్థనకి కూర్చున్నప్పుడు కూడా ఆరిపోయిన చుట్ట చెవి మీద ఉండేది. ఆమెన్ అనగానే చెయ్యి చెవి మీదికి వెళ్ళేది. నాన్న చూసీ చూడనట్టు ఉండేవారు.

ఆ ఇంట్లో తాగే నీళ్ళ మీద పెత్తనమంతా మామ్మదే. చుట్టూ కనుచూపు మేర నీళ్ళే, తాగడానికి మాత్రం మామ్మ దయ ఉండాలి. లంకలో బావి తవ్వితే ఉప్పునీళ్ళే పడతాయని ఎవరూ తవ్వలేదు. సరస్సు లోపలికి దోనె మీద వెళ్ళి, నాచు లేని చోట కుండలతో ముంచి తెచ్చేవారు. వాటిని మామ్మ గుడ్డలో వడగట్టి, చిల్లగింజ రాతి మీద అరగదీసి ఆ గంధం కుండలో కలిపేది. రాత్రంతా కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగి, పైన నీళ్ళు తేటగా నిలిచేవి. పొద్దున్నే మూత తీసి అందులోకి తొంగి చూసి, తన మొహం సరిగ్గా కనపడితేనే "ఆ, ఇంక తాగచ్చు" అనేది. మేం పిల్లలం చొరవ చేసి కుండలో గ్లాసు ముంచితే చుట్ట పట్టుకున్న చేత్తోనే మొట్టేది.

ఆ ఇంటికి ఒక కుక్కపిల్ల వచ్చింది. మా బాబాయి పక్క లంక నుంచి దోనెలో వేసుకొచ్చాడు. గుండ్రంగా ఉందని దానికి బొండాం అని పేరు పెట్టాం. చేపతలలు తిని, బాతుల వెంట పడి, నా లంగా అంచు పట్టుకుని లాగి, మా ఇద్దరి మధ్యా పడుకునేది. ఒకనాడు మధ్యాహ్నం నుంచి దాని తీరు మారింది. చేపతల పెట్టినా తినలేదు. మూలన ముడుచుకుని, పిలిస్తే గుర్రుమంది. చంటిగాడు దాన్ని బయటికి లాగబోతే వాడి పిక్క కరిచి పట్టుకుంది. నేను దాని మెడ పట్టుకుని ఊడదీశాను. ఆ పెనుగులాటలో దాని గోళ్ళు నా ముంజేతి మీద గీసుకుపోయాయి. వాడు లంకంతా వినపడేలా ఏడ్చాడు. నేను ఏడవలేదు. వాడికంటే పెద్దదాన్ని కదా.

నాన్న బడి నుంచి పరుగెత్తుకొచ్చి మా ఇద్దర్నీ వెలుతురులోకి లాక్కెళ్ళి చూశారు. ముందు చంటిగాడి పిక్క, తరవాత నా చెయ్యి. ఆ చూపు నాకు ఇవాళ్టికీ జ్ఞాపకం. పిల్లల పలకలు దిద్దేటప్పుడు కూడా ఆయన అలాగే కళ్ళు చిన్నవి చేసి చూసేవారు. "వీడికి పన్ను దిగింది. దీనికి గీరిందంతే" అన్నారు అమ్మతో. అమ్మ ఏదో అనబోయింది. "విషం పంట్లో ఉంటుంది గానీ గోట్లో ఎందుకుంటుంది? వీణ్ణి ఏలూరు తీసుకెళ్తాను" అని ఆయన అప్పుడే చొక్కా వేసుకున్నారు. అది తెలివైన మాటలాగే ఉంది. చదువుకున్న మనిషి, ఆ లంకలో పసరు మందులు వద్దని ఆసుపత్రి పేరెత్తిన మొదటి మనిషి ఆయనే. బాబాయి బొండాంని గోనెసంచిలో వేసుకుని దోనె ఎక్కాడు. చాలాసేపటికి ఖాళీ సంచితో తిరిగొచ్చి, "వదిలేసొచ్చాను" అని మాత్రం అన్నాడు. ఎక్కడ వదిలాడో, ప్రాణంతో వదిలాడో లేదో ఎవరూ అడగలేదు. అది తరవాత బతికిందో చచ్చిందో మాకెప్పటికీ తెలియలేదు. మా అమ్మ కష్టమంతా అక్కడే మొదలైందని చాలా ఆలస్యంగా అర్థమైంది నాకు.

ఆ రోజుల్లో ఆ ఇంజెక్షన్లు బొడ్డు చుట్టూ వేసేవారు. పద్నాలుగు సూదులంటే లంకలో మగాళ్ళు కూడా పొట్ట తడుముకునేవారు. రోజూ తెల్లారకుండానే నాన్న చంటిగాణ్ణి భుజం మీదేసుకుని దోనె ఎక్కి, గట్టు మీద బస్సు పట్టుకుని ఏలూరు వెళ్ళొచ్చేవారు. బడి కూడా మూతపడింది. సాయంత్రం వాడు వాచిన పొట్టతో, చేతిలో పిప్పరమెంట్లతో దిగేవాడు. అమ్మ గుడ్డ వేడిచేసి వాడి పొట్ట మీద కాపడం పెడుతుంటే, వాడు ఏడుస్తూనే ఏలూరు కబుర్లు చెప్పేవాడు. బస్సు హారన్ ఎలా కూస్తుందో, ఆసుపత్రి గోడకి ఎంత పెద్ద గడియారం ఉందో. నాకు వాడి మీద జాలి వెయ్యలేదు, కుళ్ళు పుట్టింది. నాకూ పన్ను దిగి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. చిన్నపిల్లనే గానీ ఆ సంగతి మాత్రం నాకు స్పష్టంగా అర్థమైంది, మా ఇంట్లో ఒకరికి ప్రమాదం జరిగింది, ఒకరికి జరగలేదు.

నా వైద్యం మామ్మ చేతిలో పడింది. ముంజేతి మీద గీతల్లో సున్నం నింపింది. చుర్రుమని మండితే మందు పనిచేస్తున్నట్టేనంది. చేపలూ వంకాయా తినకూడదని పథ్యం పెట్టింది. కొల్లేట్లో కూర్చుని చేపలు తినకుండా ఏం తినాలో మాత్రం చెప్పలేదు. సూదులు పొడిపించుకున్నవాడు కొర్రమీను పులుసు పోసుకు తింటుంటే, నేను చారూ అన్నం పెట్టుకుని వాడి కంచంలోకి చూస్తూ కూర్చునేదాన్ని. అంతటితో అయిందా అంటే, పొరుగు అవ్వ ఒకావిడ వచ్చి, కుక్క విషం దిగాలంటే ఏడు బావుల్లోకి తొంగి చూపించాలంది. "ఏడు కాదు, ఒక్కటైనా ఉంటే కదే ఈ లంకలో!" అని మామ్మ విసుక్కుంది. కానీ మనసు ఊరుకోలేదు కాబోలు, మర్నాడు ఏడిళ్ళు తిరిగి ఏడు కుండలు అడిగి తెచ్చింది. వాటి నిండా నీళ్ళు పోసి, చిల్లగింజ కలిపి, వాకిట్లో వరసగా పెట్టింది. బావులు లేకపోతే కుండలే బావులు. నన్ను ఒక్కో కుండ దగ్గరికీ తీసుకెళ్ళి మెడ వంచి, "ఏం కనపడుతోంది, నీ మొహమా, కుక్కా?" అని అడిగింది. "నా మొహమే మామ్మా" అన్నాను. ఏడు కుండల్లోనూ నా మొహమే కనపడింది. "హమ్మయ్య" అని చుట్ట వెలిగించుకుంది మామ్మ. నాన్న అది చూసి నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ ఒక్కతే నవ్వలేదు.

ఆ మర్నాటి నుంచే అనుకుంటాను, అమ్మ కొత్త అలవాటు మొదలుపెట్టింది. పొద్దున్నే నేను లేచి మొహం కడుక్కోగానే పెద్ద ఇత్తడి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చేది. "తాగమ్మా" అనేది. నేను తాగినంతసేపూ ఎదురుగా నిలబడేది. గుటక గుటకకీ నా గొంతు వంకే చూసేది. సగంలో ఆపితే "అంతా తాగు" అనేది. తాగేశాక గ్లాసు తీసుకుని, నా నెత్తి మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని ఏదో అనుకుని పనిలోకి పోయేది. చంటిగాడికి ఇచ్చేది కాదు. ఎందుకని నేను అడగలేదు. వాడికి పిప్పరమెంట్లు, నాకు అమ్మ చేతి నీళ్ళు. నాకు అది గర్వంగా ఉండేది. వాడి ఇంజెక్షన్లు అయిపోయి, నా చేతి మీద గీతలు మాసిపోయి, పథ్యం విడిచి నేను మళ్ళీ చేపలు తింటున్నా ఆ గ్లాసు మాత్రం మానలేదు. జ్వరమొస్తే ఇంకా తొందరగా తెచ్చేది. ఉరుములు ఉరిమిన రోజైతే సాయంత్రం కూడా ఇచ్చేది. నేను పెద్దమనిషినయ్యాను, పదో తరగతి ప్యాసయ్యాను, గ్లాసు వస్తూనే ఉంది.

అదేమిటో నాకు తెలిసింది ఏలూరులో టీచరు ట్రైనింగుకి చేరినప్పుడు. హాస్టల్లో దింపడానికి అమ్మా నాన్నా వచ్చారు. నాన్న ట్రంకుపెట్టె మంచం కిందకి తోస్తుంటే, అమ్మ నా పక్క మంచం అమ్మాయిని గుమ్మం దగ్గరికి పిలిచింది. "మా అమ్మాయి పొద్దున్నే నీళ్ళు సరిగ్గా తాగుతుందో లేదో కాస్త చూస్తూండమ్మా. తాగనంటే మాత్రం వెంటనే కబురు పెట్టించు" అని చెప్పింది. ఆ అమ్మాయి తరవాత నన్ను ఏడిపించి చంపింది. దసరా సెలవలకి ఇంటికెళ్ళి అమ్మ మీద విరుచుకుపడ్డాను. అప్పుడు చెప్పింది. ఆవిడ చిన్నప్పుడు పుట్టింటి ఊళ్ళో ఒకాయనకి కుక్క గోరు తగిలిందట, చిన్న గీత. మానిపోయింది, అందరూ మరిచిపోయారు. చాలా రోజులకి ఆయన నీళ్ళు అడిగి, గ్లాసు దగ్గరికి తెస్తే గొంతు బిగుసుకుపోయి విసిరికొట్టాడట. దాహం దాహం అంటూనే పోయాడట. "మీ నాన్నకి చెప్పాను. అది పన్నే అయ్యుంటుంది, జనం సరిగ్గా చూసుండరన్నారు. ఆయన చదువుకున్నారు, నేనేం చెప్పను? ఆ కుక్క బతికుందని తెలిసినా నా మనసు కుదుటపడేది. అందుకని రోజూ నీళ్ళిచ్చి చూసుకునేదాన్ని. ఉరుము వింటే ఆ విషం లేస్తుందంటారు, అందుకే ఆ రోజు సాయంత్రం కూడా ఇచ్చేదాన్ని. నువ్వు తాగేస్తే ఆ రోజుకి బతికిపోయాననుకునేదాన్ని" అంది అమ్మ. ఆవిడ ఆ మాట చెప్పేటప్పుడు కూడా చేతిలో గ్లాసు ఉంది. నేను తీసుకుని తాగాను.

నాన్న మీద నాకు కోపం రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది, కొన్నేళ్ళు ఉంది కూడా. తరవాత నేనే పిల్లల్ని కని, ఒకర్ని చంకనేసుకుని ఇంకొకర్ని చేత్తో పట్టుకుని బస్సు ఎక్కడం తెలిశాక తగ్గిపోయింది. తెల్లారకుండా ఒక పిల్లాణ్ణి భుజం మీద మోసుకుని నీళ్ళు దాటి వెళ్ళిన మనిషి ఆయన. నేనంటే ప్రేమ లేక కాదు. పన్నుకీ గోరుకీ మధ్య ఒక గీత ఉందని నిజంగా నమ్మారు, ఆ గీతకి అవతల నన్ను క్షేమంగా నిలబెట్టాననుకున్నారు. పోయేదాకా అలాగే అనుకున్నారు. అమ్మ కూడా ఆయనతో ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

గూడెంలో దిగి ఆటోలో వాళ్ళింటికి వెళ్ళేసరికి చంటి వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. కాదు, పేపరు చాటున దాక్కున్నాడు. ఎడమచేతి మీద రెండు గీతలు, ఒకదాని మీద నల్లగా ఎండిన నెత్తురు చుక్క. "కాఫీ తాగక్కా" అన్నాడు. "కాఫీ లేదు ఏమీ లేదు, లే" అన్నాను. కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి, వాడు నిన్న కడుక్కున్నానన్నా వినకుండా మళ్ళీ సబ్బు రుద్దాను. అంతలో ఆ కుక్కపిల్ల వచ్చేసింది. గోధుమరంగు, ముక్కు మీద తెల్ల మచ్చ, తోకతో బాటు ఒళ్ళంతా ఊపుతోంది. కడుక్కుంటున్న నీళ్ళ కోసం నా మీదికి ఎగబాకింది. దాన్ని దించబోతుంటే గోరు నా కుడి మణికట్టు మీద పడింది. చూసుకున్నాను, సన్నగా ఎర్రటి గీత. నెత్తురు లేదు. వాడి చెయ్యి కడుగుతున్న సబ్బుతోనే నా చెయ్యీ కడిగేసి, గాజులు కిందికి జరుపుకున్నాను. మనసులో ఏమనుకున్నానో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. గీరిందంతే అనుకున్నాను.

వాడు మాత్రం ఆసుపత్రికి రానంటాడు. "పాలు మరవని కూన అక్కా. దానికి విషం ఏముంటుంది? చూడు ఎలా ఆడుతోందో." విమల గుమ్మంలోంచి "చూశారా వదినగారూ, మూడు రోజుల నుంచీ ఇదే మాటండీ" అంది. ఎంత చెప్పినా కదలకపోయేసరికి, "నిజం చెప్పరా, కుక్కంటే భయం లేదు, సూదంటే భయం, అవునా?" అన్నాను. వాడి చెయ్యి తనకి తెలియకుండానే చొక్కా మీంచి పొట్ట మీదికి వెళ్ళింది. అది చూసి విమలకి నవ్వొచ్చింది గానీ నాకు రాలేదు. ఆ పొట్ట మీద అమ్మ పెట్టిన కాపడం గుడ్డ నా కళ్ళ ముందు కదిలింది. "ఇప్పుడు బొడ్డు దగ్గర వెయ్యరురా. చేతికే వేస్తారు, దోమ కుట్టినట్టు ఉంటుంది. నేను పక్కనే ఉంటాను" అన్నాను. అప్పుడు బయల్దేరాడు.

సర్కారు ఆసుపత్రిలో డాక్టరు చిన్నపిల్ల, మా పెద్దమ్మాయి వయసు ఉంటుంది. తల్లి కుక్కకి టీకా వేయించారా అని అడిగింది. "వీధి కుక్కండీ, ఎవరేయిస్తారండీ" అన్నాడు చంటి. పాలు మరవని పిల్లండీ, కరవలేదండీ, గీరిందంతేనండీ, అన్నీ వరసగా అప్పజెప్పాడు. ఆవిడ విసుక్కోలేదు. "తల్లికుంటే పిల్లకీ అంటుతుందండీ, చిన్నదీ పెద్దదీ అని లేదు. అవి కాళ్ళు నాక్కుంటాయి కదండీ, గోళ్ళకి ఎంగిలి ఉంటుంది. గీరినా కరిచినట్టే లెక్క. జబ్బు బయటపడ్డాక మా దగ్గర మందు లేదండీ, అందుకే ముందే వేసేస్తాం. మీకు నెత్తురొచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఇంకో మందు కూడా వేస్తాం. మిగతా డోసులకి చెప్పిన రోజున తప్పకుండా రావాలి" అంది. చంటి మెల్లగా, "మరి దాన్ని ఎక్కడైనా వదిలెయ్యాలాండీ?" అని అడిగాడు. "అయ్యో, వదిలేస్తే అది ఎలా ఉందో మనకెలా తెలుస్తుందండీ? ఎవరి మీదా ఎగబడకుండా కట్టేసి, కళ్ళెదురుగానే ఉంచండి. పశువుల డాక్టరుకి చూపించి టీకా వేయించండి. తినకపోయినా, తేడాగా ఉన్నా వెంటనే చెప్పండి. అది ఆరోగ్యంగా ఉంది కదా అని మీరు మాత్రం ఇంజెక్షన్ ఆపకూడదు." నాకు బాబాయి తెచ్చిన ఖాళీ గోనెసంచి గుర్తొచ్చింది. ఆ లంకలో ఈ ఒక్క మాట చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే మా అమ్మ అన్నేళ్ళు గ్లాసు పట్టుకుని నిలబడేది కాదు. దోనె, బస్సు, మూతపడిన బడి, వాచిన పొట్ట, ఇప్పుడవేమీ లేవు. ఆటో ఎక్కితే పావుగంట. అయినా మా ఇద్దరి నోటా ఆ పాత 'అంతే' మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

మా వంతు వచ్చేదాకా బల్ల మీద కూర్చున్నాం. నేను సంచీలోంచి సీసా తీసి నీళ్ళు తాగుతుంటే వాడు నా వంకే చూశాడు. "చిన్నప్పుడు నీ మీద నాకెంత కుళ్ళుగా ఉండేదో తెలుసా అక్కా? అమ్మ రోజూ నీకే నీళ్ళిచ్చేది. పక్కన నిలబడి తాగించేది. నాకు ఒక్కరోజూ ఇవ్వలేదు. ఇంజెక్షన్లు పొడిపించుకున్నది నేనైతే గారాబం నీకేమిటా అని ఏడ్చేవాణ్ణి" అన్నాడు. నేను వాడికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలని తోచలేదో, నాన్న పేరు చెడగొట్టడం ఇష్టం లేకపోయిందో. అక్కడ ఆ బల్ల మీద, మందుల వాసనలో, ఏలూరు హాస్టలు గుమ్మం దగ్గర నుంచి మొదలుపెట్టి అమ్మ చెప్పినదంతా చెప్పాను. ఆ గ్లాసు గారాబం కాదనీ, నేను బతుకుతానో లేదో రోజూ చూసుకోవడమనీ చెప్పాను. వాడు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నాడు.

నర్సమ్మ "ప్రసాదరావుగారండీ" అని పిలిచింది. లోపలికి వెళ్ళాం. ఆవిడ మందు సిద్ధం చేస్తూ ఇటు తిరిగేసరికి మా వాడు చొక్కా బొత్తాలు విప్పి పొట్ట చూపిస్తూ నిలబడ్డాడు. "అయ్యో, బొడ్డు దగ్గర కాదండీ, చేతికేనండీ" అని నవ్వింది. వాడు సిగ్గుపడి బొత్తాలు పెట్టుకున్నాడు. చేతులు ముందుకి చాపబోయి, ఆగాడు. నా వైపు తిరిగి, నా కుడిచెయ్యి పట్టుకుని గాజులు పైకి తోశాడు. ఎర్రటి గీత ఇంకా అక్కడే ఉంది. కుళాయి దగ్గరే చూశాడన్నమాట.

"ముందు మా అక్కకి వెయ్యండమ్మా" అన్నాడు.

నర్సమ్మ గీతని వంగి చూసి, "నెత్తురు రాకపోయినా టీకా వెయ్యాలండీ, చెప్పారు కాదేం? ఎప్పుడు గీరిందండీ?" అని అడిగింది. నేను ఇవాళ పొద్దున్నేనండీ అనబోయాను. వాడు నన్ను చెప్పనివ్వలేదు.

"చాలా ఏళ్ళయిందమ్మా" అన్నాడు. "అప్పుడే వెయ్యాల్సింది."

నేను జాకెట్టు చెయ్యి పైకి మడిచాను. దోమ కుట్టినట్టే ఉంది. అయిపోయాక వాడు నా సీసా మూత తీసి చేతికిచ్చి, ఎదురుగా నిలబడి, "తాగక్కా, అంతా తాగు" అన్నాడు.